శవానికి తల్లి ఉండదా?

కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరంటే నాకూ ప్రాణమే. మొన్న మా నరసరావుపేటలో ఓ అపరాధ పరిశోధన నవల పైకి చదువుతుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్తగారు, "చచ్చిపోయిన ఆ పిల్ల తల్లికి కబురెవరు చెప్పారే అమ్మాయ్?" అన్నారు. పేజీలన్నీ తిరగేశాను. తల్లే లేదు! హంతకుడికి మాత్రం బాల్యం, బాధ, తెలివి అన్నీ ఉన్నాయి. ఆ పిల్లకి? చీర రంగొక్కటే!

మన దగ్గరే కాదులెండి. 1888లో లండన్‌లో అయిదుగురు ఆడవాళ్ళని చంపిన 'జాక్ ది రిప్పర్' మీద ఎన్ని పుస్తకాలో! హాలీ రూబెన్‌హోల్డ్ అనే ఆవిడ 2019లో 'ది ఫైవ్' రాసి, వాణ్ణి పక్కకి నెట్టి ఆ అయిదుగురి బతుకులూ చెప్పింది. చరిత్ర చేసిన పని కథకి చేతకాదా?

రచయితగారూ, చంపండి, కాదనను. ముందు ఆ పిల్లని ఒక్క అధ్యాయమైనా బతకనివ్వండి. తల్లికి కబురైనా పంపండి.