పాస్‌పోర్టు అందరికీ అవసరమా?

వేసవి వస్తే మన ధర్మపురి తెలుగు ఇళ్లలో పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రల మాట వినిపిస్తుంది. వెంటనే వచ్చే ప్రశ్న, "పాస్‌పోర్టు కావాలా?" అని.

నేపాల్, భూటాన్‌లకు అక్కర్లేదు. పెద్దలకు ఓటరు కార్డు చాలు. నేపాల్‌కైతే 65 ఏళ్లు దాటినవారు, 15 ఏళ్ల లోపు పిల్లలు ఫోటో ఉన్న మరో గుర్తింపు కార్డు చూపవచ్చు. మిగతావారికి ఆధార్ ఒక్కటే చాలదు, మరువకండి.

అయితే మనకు దగ్గరి పరదేశం శ్రీలంక. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి కాంకేసంతురైకి ప్రయాణికుల నౌక మొదలైంది. దానికి పాస్‌పోర్టు తప్పదు. చెన్నై నుంచి లంక రేవులకు వెళ్లే విహారనౌక ఎక్కినా అంతే.

ప్రయాణం తలపెట్టకపోయినా ఇంటిల్లిపాదీ తీసుకోవాలనే నేనంటాను. కారణం మన పేర్లు. ఇక్కడి బడి రికార్డుల్లో చాలామందికి తండ్రి పేరు ఇనిషియల్‌గా మిగిలి, ఇంటిపేరు కనబడదు. పాస్‌పోర్టులో ఇనిషియల్ కుదరదు, పూర్తిగా విడమరచాలి. ఒక్కో కాగితంలో ఒక్కో పేరుంటే సరిచేయించడానికి నెలలు పట్టవచ్చు. టిక్కెట్లు కొన్నాక ఆ చిక్కు తెలిస్తే ఏం లాభం?

పెద్దలకు 10 ఏళ్లు, చిన్నపిల్లలకు 5 ఏళ్లు చెల్లుతుంది. ఈ సెలవుల్లో అందరి కాగితాలూ ముందేసుకుని, పేర్లు ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోండి.