మెమరీ ఎద్దడా? వంతులు పెట్టండి!

దాళ్వాకు గోదావరిలో నీళ్లు తగ్గితే ఏం చేస్తారు? ధవళేశ్వరం నుంచి కాలువలన్నిటికీ ఒకేసారి వదలకుండా వంతులవారీగా ఇస్తారు. తడి అందడం ఆలస్యమైనా పంట దక్కుతుంది. మెమరీ చాలని పాత కంప్యూటర్‌కూ ఇదే చిట్కా!

రాజమండ్రిలోనో భీమవరంలోనో గదిలో ఉండి ఇంజినీరింగ్ చదివే అబ్బాయి, 2 జీబీ ర్యామ్ ఉన్న లినక్స్ కంప్యూటర్‌లో ప్రాజెక్టు కోసం ఓ పెద్ద ప్రోగ్రామును కంపైల్ చేస్తాడు. గంటసేపు నడిచి ‘కిల్డ్’ అని ఆగిపోతుంది. ‘నాన్నా, కొత్తది కొనాలి’ అని ఇంటికి ఫోను. ‘దాళ్వా డబ్బులు రానీరా’ అని జవాబు. ఈలోగా ప్రాజెక్టు గడువు దాటిపోతుందే!

మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. ఆ పనికి మెమరీ చాలకపోతే, మిగతావాటిని కాపాడటానికి లినక్స్ ఎక్కువ మెమరీ తినేదాన్ని ఆపేస్తుంది. సాధారణంగా ‘కిల్డ్’ వెనక ఉన్న సంగతి ఇదే.

ముందు వంతులు పెట్టండి. ‘మేక్ -జె4’ అంటే నాలుగు పనులు ఒకేసారి. ‘-జె1’ అంటే ఒకదాని తర్వాత ఒకటి. చాలాసార్లు దీంతోనే గండం గడుస్తుంది. అప్పటికీ ఆగితే, తప్పులు వెతకడానికి అదనపు సమాచారం చేర్చే ‘-జి’ తీసేయండి. ‘-ఓ2’ బదులు ‘-ఓ1’ పెట్టండి. ప్రోగ్రాము వేగం కాస్త తగ్గొచ్చు, మెమరీ మాత్రం ఆదా. ఇవన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి సుమా! చివరగా, డిస్కులో 2 జీబీ స్వాప్ ఫైలు పెట్టుకోండి. ర్యామ్‌కన్నా బాగా నిదానమే కానీ పని ఆగదు.

అసలు జీసీసీ కంపైలర్ పుట్టుక వెనకా మెమరీ ఇబ్బందే ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ మొదట వేరేవాళ్ల కంపైలర్‌నే వాడుకోబోయారు. అది ఫైలు మొత్తాన్నీ మెమరీలో పెట్టుకునేది. దానికి ఎన్నో మెగాబైట్ల స్టాక్ కావాలి, అప్పటి యంత్రమేమో 64 కిలోబైట్లే ఇచ్చేది. దాంతో కొత్తది రాసి 1987లో విడుదల చేశారు.

ఒక్క ఫైలుకే ఉన్న మెమరీ అంతా చాలకపోతే వంతులూ పనిచేయవు. అప్పుడు అదే రకం లినక్స్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో కంపైల్ చేసి తెచ్చుకోవచ్చు. లేదంటే రాత్రి పడుకోబోతూ మొదలుపెట్టండి. తెల్లారేసరికి అయిపోవచ్చు. కొత్త కంప్యూటర్ సంగతి పంట చేతికొచ్చాక చూసుకోవచ్చు!