కొత్త ట్రాకులు వద్దు, కట్ట దారులు చాలు

పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి బయల్దేరే కాకతీయ కాలువ కరీంనగర్ శివారులోని దిగువ మానేరు జలాశయాన్ని చేరేలోపు 146 కిలోమీటర్లు పారుతుంది. అక్కడి నుంచి ఓరుగల్లు వైపు 284వ కిలోమీటరు దాకా సాగుతుంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టు మాట వస్తే మనం టీఎంసీలు, ఆయకట్టు, చివరి భూములకు నీళ్లందని కష్టం గురించి మాట్లాడతాం. మాట్లాడాల్సిందే. కానీ కాలువతో పాటే తయారై, ఎవరి లెక్కలోకీ ఎక్కనిది ఇంకొకటి ఉంది. ఇంజినీర్లు, కాలువను కనిపెట్టుకుని ఉండే లష్కర్లు తిరగడానికి కట్ట మీద వేసిన దారి అది. నీళ్లు పల్లానికే పారుతాయి గనుక కాలువ గుట్ట ఎక్కదు, గుట్టను చుట్టుకుని పోతుంది. కిలోమీటరుకు జానెడు వాలు కూడా ఉండదు. గుట్టలూ ఒర్రెలూ నిండిన నేల మీద ఆయాసం లేకుండా రోజంతా సైకిల్ తొక్కగల దారి ఇలా మనకు అనుకోకుండా దొరికింది. కొన్నిచోట్ల తారు, కొన్నిచోట్ల మొరం, కొన్నిచోట్ల దారిని మింగేసిన సర్కారు తుమ్మ. ఉత్తర తెలంగాణలో సైకిల్ యాత్రలకు కొత్తగా కట్టాల్సింది దాదాపు ఏమీ లేదు, ఉన్న దారులను పెద్ద బండ్ల నుంచి కాపాడితే చాలు అన్నదే నా వాదన.

ఇది గాలిలో పుట్టిన ఆలోచన కాదు. ఇటలీ దక్షిణాన పుల్యా ప్రాంతానికి నీళ్లు మోసుకొచ్చే పెద్ద కాలువ ఉంది. 1906లో పని మొదలుపెట్టి 1915లో బారీ నగరానికి నీళ్లు చేర్చారు. కొండల నడుమ నుంచి వాలు చూసుకుంటూ వచ్చే ఆ కాలువ పక్కన సిబ్బంది కోసం సన్నటి దారి వేశారు. ఆ దారినే ఇప్పుడు కపోసెలె నుంచి లేవుకా దాకా దాదాపు 500 కిలోమీటర్ల సైకిల్ మార్గంగా విడతలవారీగా మలుస్తున్నారు. ఉత్తరాన ఉంబ్రియా కొండల్లో 1926లో మొదలై 1968లో మూతపడిన స్పొలేటో–నోర్చా రైలు మార్గానిదీ ఇదే కథ. పట్టాలు పోయాయి, సొరంగాలూ వంతెనలూ సైకిళ్లకు మిగిలాయి. టస్కనీ కథ ఇంకా ఆసక్తికరం. సియెనా చుట్టుపక్కల ద్రాక్షతోటల మధ్య ఉన్న తెల్లటి కంకర దారులను ఒక్కొక్కటిగా తారు మింగేస్తుంటే, వాటిని కాపాడాలన్న పట్టుదలతో 1997లో గయోలె అనే చిన్న ఊరి నుంచి ‘ఎరోయికా’ అనే సైకిల్ యాత్ర మొదలైంది. పాత సైకిళ్ల మీద, పాత దారుల్లో సాగే ఆ యాత్ర కోసం ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. కాలువ గట్లు, నది కట్టలు, మూసేసిన రైలు మార్గాలను సైకిళ్లకు తిరిగి వాడుకోవాలని 2018లో ఆ దేశం చట్టమే చేసింది. ఇటలీ మనకంటే ఎంతో సంపన్న దేశం, నిజమే. అయినా ఈ పనుల్లో దాని తెలివి ఖర్చులో కనిపించదు, ఉన్నదాన్ని చెడగొట్టకపోవడంలో కనిపిస్తుంది.

మన దగ్గర సైకిల్ అనగానే ముందు పార్టీ గుర్తు గుర్తొస్తుంది, ఆ తర్వాత శిలాఫలకం. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు వెంబడి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు కట్టి, పైన 16 మెగావాట్ల సౌర పలకల కప్పు వేసి 2023లో ప్రారంభించారు. దాని విలువ దానికుంది. అదే ఏడాది కరీంనగర్‌లో మానేరు మీద తీగల వంతెన వచ్చింది. ఫొటోలకు అందంగానే ఉంటుంది. కానీ సైకిల్ మీద ఊళ్లు చూడాలనుకునే మనిషికి కావలసింది కప్పూ కాదు, తీగలూ కాదు. వెనక నుంచి హారన్ వినపడని దారి కావాలి. అలాంటివి ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఇంకా మిగిలి ఉన్నాయి. ఏడో నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలై 44వ నంబరుగా మారినప్పుడు ఊళ్ల బయటి నుంచి బైపాసులు పడ్డాయి, పాత రోడ్డు ముక్కలు పక్కన ఊపిరి పీల్చుకుంటున్నాయి. నిర్మల్ నుంచి కడెం వైపు సరస్వతి కాలువ కట్ట ఉంది. ఉట్నూరు పీఠభూమి మీద జొన్న, పత్తి చేల నడుమ గూడేలను కలిపే రోడ్లున్నాయి. ఉట్నూరు–ఆసిఫాబాద్ దారిలో కెరమెరి ఘాట్, దానికి చేరువలో కుమురం భీం జోడేఘాట్, మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో ఉండి పనిచేసిన మార్లవాయి. ఇక్కడి టేకు అడవి సంగతి తెలిసినవాళ్లకు టస్కనీని పోలిక తేవడం కొంచెం అన్యాయంగానే తోస్తుంది.

కాలువ కట్ట మీదికి జనాన్ని పిలవడం ప్రమాదం కాదా అని నీటిపారుదల శాఖ అడుగుతుంది. అడగాలి కూడా. కాకతీయ కాలువలో పడి ప్రాణాలు పోయిన ఘటనలు కరీంనగర్ ప్రజలు మరచిపోలేనివి. నిండుగా పారుతున్నప్పుడు లైనింగు పక్కల మీద కాలు నిలవదు, ఈత వచ్చినవాళ్లు కూడా పైకి రాలేరు. అయితే కట్ట ఇప్పటికే ఖాళీగా లేదు. పొలానికి పోయే రైతు, గొర్లకాపరి, బడిపిల్లలు, మోటారు సైకిళ్లు అన్నీ దాని మీదే పోతున్నాయి, ఏ రక్షణా లేకుండా. యాత్రికుల పేరిట వంపుల దగ్గర గట్టి రాతి దిమ్మెలు, కొంత దూరానికొకటిగా నీళ్లలోకి దిగే మెట్లు, పట్టుకోవడానికి గొలుసులు వస్తే మొదట బాగుపడేది ఆ ఊళ్లవాళ్లే. కట్ట తెగుతుందన్న భయానికి కూడా సైకిల్ కారణం కాజాలదు. మనిషితో కలిపి వంద కిలోలు దాటని బండి కట్టను కుంగదీయదు. కుంగదీసేది రాత్రిపూట దొంగచాటుగా పోయే ఇసుక ట్రాక్టరు.

అసలు పోరు అక్కడే ఉంది. కరీంనగర్ గుట్టలను పలకలుగా కోసి టాన్ బ్రౌన్ పేరుతో దేశదేశాలకు పంపుతున్నాం. ఆ బండరాళ్ల లారీలు, మానేరు ఇసుక లారీలు, రామగుండం–మంచిర్యాల వైపు బొగ్గు టిప్పర్లు తిరిగే దారిలో సైకిల్ తొక్కమని ఎవరినీ అనలేం. రాజీవ్ రహదారి పక్కన తెల్లగీత గీసి సైకిల్ బాట అని బోర్డు పెడితే అది మోసమే అవుతుంది. కనుక ఎంచుకున్న కట్టల మీద, పాత రోడ్ల మీద లారీ దూరకుండా ఇనుప కమాన్లు పెట్టాలి. వరికోత మిషన్లు వాటికంటే ఎత్తు కాబట్టి కోతల కాలంలో తీసే ఏర్పాటు ఉండాలి, తాళం లష్కర్ దగ్గర ఉండాలి. రైతుకు అడ్డం వచ్చే ఏ పథకమూ ఈ నేల మీద నెల రోజులు నిలవదు.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం ఏజెన్సీ నుంచి వస్తుంది. వానాకాలం వాగు పొంగితే గర్భిణిని మంచం మీద మోసుకుపోయే గూడేల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. రోడ్డు కోసం తరాలుగా ఎదురుచూసినవాళ్ల దగ్గరికి పోయి, ఎవరో పట్నపోళ్లు సైకిల్ తొక్కుతారట, మీ రోడ్డును సన్నగానే ఉంచండి అని చెప్పడం పొగరు. పైగా ఈ ప్రాంతానికి ‘రక్షణ’ అనే మాట అంటేనే అనుమానం. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయినప్పటి నుంచి రాత్రిపూట రాకపోకల మీద ఆంక్షలు, రోడ్లకు అటవీ అనుమతుల చిక్కులు వాళ్లు పడుతున్నారు. కుమురం భీం పేరుతోనే కన్జర్వేషన్ రిజర్వు ప్రకటిస్తూ 2025లో వచ్చిన 49వ నంబరు జీవోను గిరిజనుల నిరసనల తర్వాత ప్రభుత్వం నిలిపివేయాల్సి వచ్చింది. ఈ అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగం జవాబే ఉంది. అంబులెన్సుకు కావలసింది వాగు మీద వంతెన, కొట్టుకుపోని కల్వర్టు, గుంతలు లేని ఒక వరుస తారు. వెడల్పు కోరేది లారీ. ఈ రెండు అవసరాలనూ ఒకే ‘అభివృద్ధి’ కింద కలిపేయడం వల్ల వంతెన రాకుండానే చెట్లు పోతున్నాయి. సైకిల్‌కు పనికొచ్చే రోడ్డు అంబులెన్సుకూ పనికొస్తుంది, ఊరి ఆటోకూ పనికొస్తుంది. మిగతా సగం జవాబు ఊళ్లే చెప్పాలి. ఏ దారి ఇవ్వాలో, ఏ పండుగ రోజుల్లో బయటివాళ్లు రావద్దో, ఎక్కడ కెమెరా తీయకూడదో గ్రామసభలు తేల్చాలి. దండారి, నాగోబా జాతర వాళ్ల మొక్కులు, యాత్రికుల కాలక్షేపం కోసం పెట్టినవి కావు. వద్దు అని గ్రామసభ అంటే అక్కడితో ఆగాలి. కోర్ అడవిలోకి సైకిళ్లను పంపే ఆలోచన అసలు చేయకూడదు. పులి ఉన్నచోట చప్పుడు లేని బండి కూడా బెడదే.

ఎవరొస్తారు అన్న ప్రశ్న మిగిలింది. కారులో వచ్చినవాళ్లు పొద్దున కుంటాల జలపాతం చూసి, దాబాలో తిని, రాత్రికి హైదరాబాద్ చేరుకుంటారు. జిల్లాకు మిగిలేది ప్లాస్టిక్ సీసాలు. సైకిల్ యాత్రికుడు రోజుకు యాభై కిలోమీటర్ల దగ్గర ఆగిపోతాడు, ఆగినచోట తింటాడు, పడుకుంటాడు, పంక్చర్ వేయించుకుంటాడు. మెట్‌పల్లిలో జొన్నరొట్టె, ఉట్నూరులో ఇప్పపువ్వు లడ్డూలు, నిర్మల్‌లో పొనికి కర్ర బొమ్మల పని చూసే తీరిక ఆ మనిషికే ఉంటుంది. వేల మంది రారు. వందల్లో రావచ్చు, అందులో ఎక్కువ మంది మన పట్టణాల పిల్లలే కావచ్చు. ఖర్చూ ఆ స్థాయిదే గనుక అంతకంటే ఎక్కువ ఆశించనక్కర్లేదు. సైకిల్ పేదోడి బండి అన్న చిన్నచూపు మాత్రం మన పట్టణాల్లో బలంగా ఉంది. అది వాదనతో పోయేది కాదు.

ఎండ సంగతికొస్తే, మేలో రామగుండం 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఎవరూ తొక్కనక్కర్లేదు. దసరా నుంచి శివరాత్రి దాకా వాతావరణం వేరు. ఆదిలాబాద్‌లో రాత్రి చలి 5 డిగ్రీల కిందికి కూడా దిగుతుంది, పగలు ఎండ హాయిగా ఉంటుంది. యాసంగి పంటకు కాలువలో నీళ్లు వదిలేదీ ఆ రోజుల్లోనే. నీటిపారుదల శాఖ, పంచాయతీలు కలిసి ముందు జగిత్యాల వైపు నుంచి దిగువ మానేరు దాకా ఉన్న కట్టను మాత్రమే తీసుకుని, తుమ్మ కొట్టించి, దిమ్మెలు, మెట్లు, కమాన్లు పెట్టి ఒక్క చలికాలం నడిపి చూడొచ్చు. ఊళ్లకు పనికిరాదని తేలితే కమాన్లు విప్పేయడానికి ఒక పూట పడుతుంది. మెట్లు, గొలుసులు ఎలాగూ ఉండిపోతాయి.