బియ్యం బస్తా ఎక్కించేది మేమే, టైర్ల సంగతి అడిగేదీ మేమే

మా డాలస్ చుట్టుపక్కల మనవాళ్లలో ట్రావెల్ ట్రైలరు కొనే సరదా ఈ మధ్య బాగానే పాకింది. మంచిదే. పిల్లలు నాలుగు రోజులైనా ఫోను పక్కన పడేసి చెట్టూ పుట్టా చూస్తారు. నా గొడవ దాని గురించి కాదు. కొన్నవాళ్లు గృహప్రవేశానికి పిలిచినట్టు పిలుస్తారు కదా, వెళ్తే కొత్త పరుపులు, గోడకి టీవీ, బయట స్పీకర్లు, రంగురంగుల దీపాలు అన్నీ చూపిస్తారు. "టైర్లు ఎప్పటివి అన్నయ్యగారూ?" అని అడిగామా, నవ్వేస్తారు. "గాడులు చూడమ్మా ఎంత లోతుగా ఉన్నాయో, ఇంకో పదేళ్లు ఢోకా లేదు" అంటారు. పైగా ఆడవాళ్లకి టైర్ల గొడవెందుకన్నట్టు ఒక చూపు!

ఎందుకంటే, ఆ ట్రైలర్లోకి బరువు ఎక్కించేది మేమే కనక. 20 పౌండ్ల సోనా మసూరి, రెండు కుక్కర్లు, మిక్సీ, ఆవకాయ జాడీ, పిండి డబ్బాలు. వీటన్నిటినీ మించింది నీళ్లు. గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు తూగుతాయి. 40 గ్యాలన్ల ట్యాంకు నింపుకుని బయల్దేరితే 330 పౌండ్ల పైమాటే, అంటే ఇద్దరు మనుషుల బరువు.

ఇప్పుడు లెక్క చూడండి. మామూలు ట్రైలర్లకు చాలావాటికి వచ్చే టైరు ఎస్‌టీ205/75ఆర్14, లోడ్ రేంజ్ సి. 50 పీఎస్ఐ గాలి ఉంటే ఒక్కోటి మోసేది 1,760 పౌండ్లు. నాలుగూ కలిపితే 7,040. ట్రైలరు బరువు పరిమితి 7,000 అనుకుందాం. అందులో పది నుంచి పదిహేను శాతం హిచ్ ద్వారా ట్రక్కు మోస్తుంది కాబట్టి కాగితం మీద సరిపోయింది. మరి బరువంతా నాలుగు చక్రాల మీదా సమానంగా పడుతుందని ఎవరు చెప్పారు? ఫ్రిజ్జు, స్టవ్వు, గిన్నెల అల్మారా అన్నీ ఒకే పక్కనుంటే ఆ పక్క టైర్ల గతేమిటి? ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేలు మీద, అన్నీ సర్దుకున్నాక, ఒక్కసారి తూయించండి. అదేమీ పెద్ద ఖర్చు కాదు. మా వీధిలో ఎవరినడిగినా ఆ పని చేశామన్నవాళ్లు లేరు.

గాడుల సంగతికొస్తాను. కారు టైరు అరిగి పోతుంది. ట్రైలరు టైరు చాలాసార్లు అరక్కుండానే పోతుంది. ఏడాదిలో పదకొండు నెలలు ఒకేచోట, టెక్సస్ ఎండలో, కదలకుండా నిలబడి ఉంటుంది. రబ్బరు లోపల్లోపలే ఎండి బీటలిస్తుంది. తెలుగు చదువుకున్నదాన్ని కదా, నాకు ఈ తేడా ముచ్చటగా ఉంటుంది: అరగడం వేరు, ముసలవడం వేరు. గాడు లోతు చూస్తే తెలిసేది మొదటిదొక్కటే. రెండోది తెలియాలంటే పక్క గోడ మీద డీఓటీ అని ఉన్నచోట చివరి నాలుగంకెలు చదవాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఆ అంకెలు చాలాసార్లు ఒక పక్కే ఉంటాయి, అదీ లోపలివైపు. టార్చిలైటు పట్టుకుని కిందకి దూరాల్సిందే. పెరుగు డబ్బా మీద తేదీ చూడకుండా కొనని మనిషి, పిల్లల్ని తీసుకెళ్లే బండి మీద తేదీ చూడనంటే నేనెలా ఊరుకుంటాను? ఐదారేళ్లు దాటితే గాడులెంత ఉన్నా మార్చేయాల్సిందే.

ఇక "పాతవే అయినా కారు టైర్లు చవగ్గా దొరికాయి, వేసేశాం" అనేవాళ్లకో దండం. ఎస్‌టీ అన్న అక్షరాలు అలంకారానికి రాయలేదు. ఊగిపోయే బరువుని తట్టుకోవాలని ఆ టైర్ల పక్క గోడలు గట్టిగా కడతారు. కొనేటప్పుడు లోడ్ రేంజ్ ఒక మెట్టు పైది అడగండి. రిమ్ములు ఆ గాలి ఒత్తిడికి తట్టుకుంటాయో లేదో కూడా అడగండి. వేగం సంగతీ అంతే. వేగం అక్షరం లేని ఎస్‌టీ టైర్లు గంటకు 65 మైళ్లకే తయారుచేసినవి, ఎక్కువకి పనికొచ్చేవాటి మీద ఆ అక్షరం విడిగా ఉంటుంది. మనం 75 బోర్డు కనపడగానే 75 తొక్కేస్తాం. గాలి తక్కువ, బరువెక్కువ, వేగమెక్కువ, పైన ఆగస్టు ఎండ. వేడెక్కి పేలక ఏంచేస్తుంది పాపం!

పేలితే ఏమవుతుందో కూడా చెప్పాలి, "స్పేరుంది కదా" అని తేలిగ్గా అనేస్తారు కనక. మాకు తెలిసినవాళ్ల ట్రైలర్‌కి దారిలో ఒకటి పేలింది. ఊడిన రబ్బరు పట్టీ కొరడాలా కొట్టి చక్రం పైనున్న నేలని చీల్చేసింది. సింకు కింద పైపులు విరిగాయి. గ్యాసు పైపు ఇంకాస్త పక్కనుంది కాబట్టి సరిపోయింది. పేలినదాని బరువంతా మోసిన పక్క టైరు మర్నాటికి ఉబ్బింది. పిల్లలిద్దరూ ట్రక్కు వెనక సీట్లోనే ఉన్నారు.

ఇదంతా విన్నాక కూడా మా బంధువు ఒకాయన "నాలుగు టైర్లకి అంతెందుకమ్మా" అన్నాడు. ఆయన ట్రైలరు బయట తగిలించిన టీవీ, స్పీకర్ల ధర నాకు తెలుసు. టైర్లకంటే ఎక్కువే.

పొద్దున్నే, బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. ఎంతుండాలో ట్రైలరు పక్కన అంటించిన కాగితం మీద ఉంటుంది. పనిలో పనిగా స్పేరు టైరు తేదీ కూడా చదవండి. కొన్నరోజు నుంచీ అది వెనకాల ఎండలోనే వేలాడుతోంది.