వాళ్ళ నొక్కుడుకి పేటెంటు, మన వేలిముద్రకి స్టేషను గుమ్మం

మా అయ్యకి సంతకం రాదు. ఆయన వేలిముద్ర వేసిన అప్పు నోటు మీద అంకె మారిందని తెలుసుకునేసరికి మా అరెకరం పోయింది. కొడుకు బియ్యే చదివితే ఇక ఎవడూ మోసం చెయ్యలేడనుకున్నాడు పాపం. ఇప్పుడు వేలు పెట్టకుండానే ముద్ర పడుతోంది!

మా పేటలో ఒక పెద్దమ్మ ఉపాధి కూలి తియ్యబోతే ఖాతాలో పైసా లేదు. ఎవరో ఆమె ముద్రతో తీసేశారు. ఈ పద్ధతిలో ఆధార్ నెంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ కాగితాల మీది ముద్రల్ని రబ్బరు మీదికి దించి సిమ్ కార్డులు పుట్టించిన కేసు 2018లోనే పెద్దపల్లి జిల్లాలో బయటపడింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. బొటనవేలు మార్చుకుంటామా?

చట్టం లేదా అంటే ఉంది. 2000 నాటి ఐటీ చట్టానికి 2008లో చేసిన సవరణతో 66సి వచ్చింది. గుర్తింపు దొంగిలిస్తే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. కానీ దర్యాప్తు ఇన్‌స్పెక్టరు స్థాయి అధికారే చెయ్యాలి. మా ఎస్సై "నా చేతిలో లేదు, పట్నం పోండి" అన్నాడు. 2016 ఆధార్ చట్టం మరీ ఘోరం. వేలు మనది, కోర్టులో ఫిర్యాదు చేసే హక్కు ఆధార్ సంస్థది! 2019లో సవరించేదాకా అంతే.

ఇటు కంపెనీల సంగతి చూడండి. అమెరికాలో 1998లో ఒక కోర్టు వ్యాపార పద్ధతికీ పేటెంటు ఇవ్వొచ్చంది. (అదే ఏడు అక్కడ గుర్తింపు దొంగతనాన్ని నేరం చేస్తూ చట్టమూ తెచ్చారు, ఆ మాటా చెప్పాలి.) 1999 సెప్టెంబరులో అమెజాన్‌కి 'ఒక్క నొక్కుతో కొనుగోలు' మీద పేటెంటొచ్చింది. నెల తిరక్కుండానే పోటీ పుస్తకాల కంపెనీ మీద దావా, డిసెంబరుకల్లా కోర్టు ఆపు ఉత్తర్వు! 2001లో పై కోర్టు దాన్ని ఎత్తేసినా పేటెంటు 2017 దాకా బతికింది. మన పేటెంట్ల చట్టం 3(కె) వ్యాపార పద్ధతికి పేటెంటు లేదంటుంది, అది మేలే. నేనడిగేది ఆ పరుగు గురించి. కంపెనీ మీట కోసం రెండు నెలల్లో కదిలిన న్యాయం కూలి వేలి దగ్గరికి వచ్చేసరికి కాలు కదపదేం?

2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లో చెబితే నష్టం మనది కాదు. ఆ లెక్క బ్యాంకు కబురు అందిన నాటి నుంచి. ఫోనే లేని పెద్దమ్మకి కబురెట్టా అందింది? ఆలస్యమైందని ఏ ముఖంతో అంటారు?

డబ్బు పోతే ముందు 1930కి ఫోను చెయ్యండి, బ్యాంకుకి రాసిచ్చి రసీదు తీసుకోండి. వచ్చే సోమవారం పది గంటలకి పెద్దమ్మతో కలిసి బ్యాంకుకి పోతున్నాం. ఇట్లాంటి పాసుబుక్కు మీ ఇంట్లోనూ ఉంటే పట్టుకు రండి.