చూచిన చిత్రము, విన్న మాట

సోదరీమణులారా, ఈ నెల మా తప్పిద మొకటి మీతో చెప్పుకొనవలసి యున్నది.

మా పొరుగున నొక పిన్నిగారు కలరు. పెద్దగా చదువుకొన్నవారు కారు గాని, సినిమా యన్న ప్రాణము. క్రిందటి సంక్రాంతికి క్రొత్త చిత్ర మొకటి చూచి వచ్చి, మా వీధియరుగు మీద కూర్చుండి కథ చెప్పుచు, తల్లీబిడ్డ లెడబాయు ఘట్టమున కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. మేమా చిత్రమును చూడలేదు. ముందునాటి రాత్రి సెల్‌ఫోనులో దానిపై విమర్శ మాత్రము చదివి యుంటిమి. అయిదు నక్షత్రములకు రెండే యిచ్చిరి. ఇంకేమి, "కథలో పట్టు లేదట, విరామము తరువాత సాగదీసిరట" యని గడగడ యొప్పగించితిమి. పిన్నిగారు కొంగు దింపి, "మాకేం తెలుస్తుందే అమ్మాయీ, చదువుకున్నదానివి నువ్వు" అని లేచి వెళ్లిరి. ఆ పిమ్మట మూడు నెలలు మా యెదుట సినిమా మాట యెత్తలేదు. చూడనివారము చూచినవారి నోరు మూయించితిమి.

అలంకారశాస్త్రము నాలుగు ముక్కలు చదువుకొంటి మని లోలోపల మాకు గర్వము. ఆ శాస్త్రమే మమ్ము తప్పు పట్టుచున్నది. రసాస్వాదమునకు విఘ్నము లేడని అభినవగుప్తుడు చెప్పెను. అందు సంశయ మొకటి. ఆయన చెప్పిన సంశయము వేరు, మన సంశయము వేరు. అయినను, నక్షత్రములు లెక్కించుకొని చిత్రశాలకు బోయినవారు ప్రతి దృశ్యమునందును "బాగులేదన్న దిదియేనా?" యని వెదకుకొనుచుందురే గాని కథలో దిగరు.

ఇది నేటి వ్యాధి కాదు. మాళవికాగ్నిమిత్రము ప్రస్తావనలో, భాసాదుల ప్రబంధము లుండగా నీ క్రొత్తకవి నాటక మేల యను ప్రశ్న యెత్తించి, సూత్రధారునిచేత బదులు చెప్పించు అవసరము కాళిదాసునకే కలిగినది!

పొగడ్తయు నంత చెరుపే చేయును. మా బంధువుల బాలున కొకనికి మాయాబజారు (1957) చూపించుచు, ఇంతటి చిత్రము లేదని పెద్దలందరు ముందే యూదరగొట్టిరి. పాపము, వాడు పరీక్షకు కూర్చున్నట్లు బిగిసికొని కూర్చుండెను. ఘటోత్కచుడైన ఎస్.వి. రంగారావు పెండ్లి వంటకములు ఖాళీచేయునప్పుడు పెద్దల మాట మరచి ఫక్కున నవ్వెను. వానికి చిత్ర మక్కడ మొదలయినది.

విమర్శకులు వలదని మే మనము. భోజనానంతర తాంబూలమువలె, చూచిన పిదప చదివిన నెంతయో రుచి. ముందే నమిలిన నాలుక మందగించును.

1980లో కె. విశ్వనాథ్ శంకరాభరణము వెలువడినప్పుడు మొదటి దినములలో చిత్రశాలలు పలుచగా నుండె నందురు. ప్రధానపాత్రధారి జె.వి. సోమయాజులు నాటకరంగమునుండి వచ్చిన ప్రభుత్వోద్యోగి. ప్రసిద్ధ తార కాడు. కథయా, శాస్త్రీయ సంగీతమును గూర్చినది. చూచినవారు చెప్పగా చెప్పగా జనము నిండెను. అదియు నొకరి మాటయే గదా యని మీ రడుగవచ్చును. నిజమే. కాని "నేను ఏడ్చితిని, నీవును పోయి చూడుము" అనుట తలుపు తీయుట. "రెండు నక్షత్రములు" అనుట గడియ వేయుట. మే మా దినమున వేసినది గడియ.

మొన్న పిన్నిగారి చిత్రము టీవీకి వచ్చినదని తెలిసి, వారి యింటికే వెళ్లి, "మాకు చూపించండి" అని యడిగితిమి. ఆమె ముఖము వికసించినది. సెల్‌ఫోను మా యింటనే యుంచితిమి. విరామము తరువాత కథ సాగిన మాట వాస్తవమే. ఎడబాటు ఘట్టమున మాకు కన్నీరు రాలేదు. అంతకు ముందు తల్లి బిడ్డకు జడ వేయుచు, రిబ్బను మరచి యూరక నిలిచిన చిన్న దృశ్యమున వచ్చినది. ఆ మాట చెప్పితిమి. పిన్నిగా రాశ్చర్యపడి, "అక్కడా? నేను గమనించనే లేదే!" యని మనుమనిచేత వెనుకకు త్రిప్పించి, మా ప్రక్కకు జరిగి కూర్చుండిరి.