క్రియ వెంట వచ్చు రూపము

ఆంగ్లమున క్రియ తరువాత ‘ఇంగ్’ రూపము రావలెనా, ‘టు’ రూపము రావలెనా యన్నది మన విద్యార్థులకు నిత్యసంశయము. పట్టికలు వల్లె వేయించుటయే దీనికి మందని పెక్కుమంది నమ్మకము. అది సగము మందు మాత్రమే. ‘ఎంజాయ్’ తరువాత ‘ఇంగ్’ రూపమే వచ్చును. ‘హోప్’ తరువాత అది రాదు. ఇట్టివి కంఠస్థము చేయవలసినవే.

కాని ‘రిమెంబర్’ రెండింటిని గ్రహించును. అర్థము మాత్రము మారును. ‘రిమెంబర్ పోస్టింగ్’ అనగా ఉత్తరము వేసినట్లు జ్ఞాపకముండుట. ‘రిమెంబర్ టు పోస్ట్’ అనగా మరువక వేయుట. మొదటిది జరిగిన పని, రెండవది జరుగవలసినది. ‘వేసినట్లు’, ‘వేయవలెనని’ అను ఈ భేదము తెలుగు బాలునకు పుట్టుకతో అబ్బినదే. దానిని విడిచి పట్టికనే నమ్ముకొనుట చేతి దీపమునార్పి చీకటిలో తడవుకొనుట. ఉపాధ్యాయులు ముందు అర్థభేదమును తెలుగున తెలిపి, పిదప ఆంగ్లరూపమును చూపుట మేలు.